నాన్నగారి ట్రాక్టర్ విద్య, పదిహేనేళ్ల బొలెరో

ప్రశ్న: మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. మా బొలెరో 2011 చివర్లో కొన్నది, లక్షా ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. ఇన్నాళ్లూ బండి పనులు నాన్నే చూసుకునేవారు. ట్రాక్టర్లు బాగుచేసిన చెయ్యి ఆయనది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో వంగలేరు. ఆయన మంచం మీద కూర్చుని చెబుతుంటే నేను చేయాలని ఉంది. ఈమధ్య శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటాక ఘాట్‌లో ఏసీ వేసుకుని, బండి నిండా జనంతో ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. ఆపి, చల్లార్చి, నీళ్లు పోసుకుని వచ్చాం. టౌన్లో మెకానిక్ ఇంజిన్ హెడ్డు (సిలిండర్ల పై మూత) దించాలి, నలభై ఐదు వేలవుతుంది అన్నాడు. నాన్న థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే చిన్న మూత) పీకేస్తే చాలు అంటున్నారు. పొద్దున స్టార్టింగ్ ఆలస్యమవుతోంది. అరవై దాటితే స్టీరింగ్ వణుకుతోంది. అడుగున తుప్పు కూడా మొదలైంది, కాలిన ఆయిల్ కొట్టమంటున్నారు నాన్న. త్వరలో ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండుతాయి. ఇంట్లో ఏం చేసుకోవచ్చు, ఏం చేయకూడదు? అసలు ఈ బండి మీద డబ్బు పెట్టొచ్చా?
— బాపట్ల జిల్లా పాఠకుడు

సమాధానం: పెట్టొచ్చు, ఛాసిస్, అంటే బండిని మోసే అడుగు ఇనుప చట్రం, గట్టిగా ఉంటే. ఈ బండికి బాడీ వేరు, ఛాసిస్ వేరు. 2000లో వచ్చినప్పటి నుంచీ దాని కట్టుబడి అదే. ఇంజిన్ పాడైతే బాగుచేసుకోవచ్చు, గేర్ బాక్సు దించి ఎక్కించుకోవచ్చు, డోర్లు మార్చుకోవచ్చు. స్పేర్లు మీ మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. ఛాసిస్‌ను తుప్పు తిన్నదంటే మాత్రం మిగతా ఖర్చంతా వృథా. అందుకని హెడ్డు సంగతి తేల్చేలోపే అడుగు భాగం చూడాలి. అది చూడటానికి కిందికి దూరాలి కాబట్టి, అన్నిటికంటే ముందు జాకీ గురించి చెప్పనివ్వండి.

బండితో వచ్చిన జాకీ స్టెపినీ మార్చడానికే. దాని మీద లేపి ఉన్న బండి కిందికి తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టకూడదు. టన్నున్నర పైచిలుకు బరువది. జాకీ ఒక్క అంగుళం పక్కకు ఒరిగితే తప్పించుకునే వ్యవధి ఉండదు. మూడు టన్నులు మోసే జాకీ స్టాండ్లు ఒక జత కొనండి. మీరు కొనే మొదటి సామాను అవే కావాలి, సాకెట్ సెట్టు తర్వాత. నేల గట్టిగా, సమంగా ఉన్న చోట, కళ్లం గచ్చు లాంటిది చూసుకుని, స్టాండ్లు ఛాసిస్ కింద పెట్టి, బండిని వాటి మీదికి దించి, గట్టిగా ఊపి చూశాకే కిందికి వెళ్లండి. తీసిన చక్రాన్ని కూడా ఛాసిస్ కిందికి తోసి ఉంచండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టవద్దు, అవి పగిలేటప్పుడు చెప్పి పగలవు. ఇంకొక సంగతి: హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక భాగం లేపినప్పుడు అది ఉన్నా లేనట్టే. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాలి. ఇంట్లో పిల్లలుంటే ఆ పూట బండి దగ్గరికి రానివ్వకండి.

ఇప్పుడు హెడ్డు సంగతి. మీ మెకానిక్ అబద్ధం చెప్పాడని నేను అనను. బాగా వేడెక్కిన ఇంజిన్‌లో హెడ్ గాస్కెట్, అంటే హెడ్డుకూ కింది ఇంజిన్‌కూ మధ్య ఉండే సీలు పలక, పోవడం మామూలే. కానీ ఆయన ఏం చూసి ఆ మాట అన్నాడో మీ ఉత్తరంలో లేదు. చూడకుండా అని ఉంటే మాత్రం ఒప్పుకోవద్దు. గాస్కెట్ పోయిందో లేదో చాలావరకు మీరే కనిపెట్టొచ్చు.

పొద్దున్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నీటి మట్టం చూసి, స్టార్ట్ చేయించండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే అది లోపల చిక్కుకున్న గాలి. ఆగకుండా వస్తూనే ఉంటే, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఎక్కువవుతుంటే, సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి వస్తోందని అర్థం. ఇంజిన్ ఆపి, ఆయిల్ గేజి కర్ర తీసి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు కలిశాయి. పైన పోసే మూత అడుగున కాస్త తెల్ల నురగ ఉండటం మాత్రం చలికాలంలో, చిన్న చిన్న దూరాలే తిరిగే బండికి సహజం, దాన్ని చూసి భయపడవద్దు. ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గిపోతున్నాయా, వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగడం లేదా, రాత్రంతా ఆపి ఉంచిన బండిలో రేడియేటర్ పైభాగపు రబ్బరు హోసు పొద్దున కూడా బిగుసుకుని ఉందా, ఇవీ చూడండి. ఏదీ లేదంటే హెడ్డు జోలికి వెళ్లనక్కర్లేదు. అనుమానం మిగిలితే బ్లాక్ టెస్టు చేసే గ్యారేజీకి తీసుకెళ్లండి. రేడియేటర్ మూతి దగ్గరి గాలిని ఒక రంగు ద్రవంలోంచి లాగుతారు, పొగ గ్యాసు ఉంటే రంగు మారుతుంది. నలభై ఐదు వేలు ఖర్చుపెట్టే ముందు ఆ పరీక్ష చేయించుకోవడం న్యాయం.

గాస్కెట్ బాగుంటే వేడి ఎక్కడి నుంచి వచ్చినట్టు? నా అనుమానం రేడియేటర్ మీద. మీ ప్రాంతంలో కోతల కాలమంతా రోడ్ల మీదే వడ్లు ఆరబోస్తారు. ఆ పొట్టు, దుమ్ము, పురుగులు ముందున్న ఏసీ కండెన్సర్‌కూ దాని వెనకున్న రేడియేటర్‌కూ మధ్య పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. పక్క నుంచి టార్చి వేసి ఆ సందులోకి చూడండి. కడిగేటప్పుడు ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు వచ్చేలా, మామూలు తోట పైపుతో కొట్టండి. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్‌తో దగ్గర నుంచి కొడితే పల్చటి రేకులు వంగిపోయి గాలి వెళ్లే దారే మూసుకుపోతుంది.

రేడియేటర్ మూత గురించి ఎవరూ పట్టించుకోరు. అది కుక్కర్ వెయిటు లాంటిది. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, ఎంత ఒత్తిడి దాకా ఆపుతుందో అది చెబుతుంది. 0.9 బార్ ఒత్తిడి నిలిస్తే లోపలి నీళ్లు వందకు బదులు దాదాపు 118 డిగ్రీల దగ్గర గానీ మరగవు. మూత రబ్బరు పగిలి ఒత్తిడి నిలవకపోతే, ఘాట్‌లో వంద దగ్గరే మరుగు పట్టి, నీళ్లు బయటికి తన్నేసి, ముల్లు లేస్తుంది. పాత మూత మీద ఉన్న అంకె చూసి అదే అంకె కొత్తది వేయండి. ఎక్కువ అంకె మూత వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు, పాత హోసులు ఆ ఒత్తిడికి తట్టుకోలేవు.

తర్వాత ఫ్యాను. బెల్టుతో తిరిగే ఫ్యాను అయితే, ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు ఆపి, తాళం చేతిలో పెట్టుకుని, ఫ్యానును చేత్తో తిప్పి వదలండి. కొంత బిగువుగా ఉండి వెంటనే ఆగాలి. గాలిపటం చక్రీలా గిర్రున తిరుగుతుంటే దాని క్లచ్చి పోయినట్టు. కరెంటు ఫ్యాను అయితే చెయ్యి పెట్టకండి, ఇంజిన్ ఆపినా అది దానంతటది తిరగొచ్చు. ఏసీ వేసినప్పుడు తిరుగుతోందో లేదో దూరం నుంచి చూస్తే చాలు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ ఎండిన చార కనిపిస్తే లోపలి సీలు పోతోందన్నమాట, ఆ పంపును ఘాట్ ఎక్కనివ్వకండి.

మీ నాన్నగారి థర్మోస్టాట్ మాటకు వస్తాను. పాత ట్రాక్టర్ ఇంజిన్‌లతో ఆ పని చాలామంది చేశారు, బండ్లు నడిచాయి. ఈ ఇంజిన్‌లో తీసేస్తే మొదట చల్లగానే కనిపిస్తుంది. మైదానంలో ఇంజిన్ ఎప్పటికీ తన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ నిలుస్తుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. అంతేకాదు, కొన్ని ఇంజిన్‌లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడే పక్కదారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండా పక్కదారిన ఇంజిన్‌లోకే తిరుగుతుంది. అప్పుడు ఘాట్‌లో వేడి ఇంకా పెరుగుతుంది. పీకడానికి బదులు పరీక్షించండి. బయటికి తీసి, గిన్నెలో నీళ్లు పోసి, అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. థర్మోమీటర్ ఉంటే మంచిది. ఎంత వేడికి తెరుచుకోవాలో దాని మీదే చెక్కి ఉంటుంది, సాధారణంగా ఎనభై రెండుకూ తొంభైకీ మధ్య. ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, మరిగేలోగా పూర్తిగా తెరుచుకుంటే మళ్లీ బిగించేయండి. లేకపోతే కొత్తది వేయండి. ఈ పరీక్ష నాన్నగారి ముందే చేయండి. కళ్లతో చూసింది ఆయన కాదనరు.

ఘాట్‌లో ఏ నీళ్లు పోశారో మీరు రాయలేదు. బోరు నీళ్లయితే, అసలు ఇంట్లో కూడా అవే పోస్తుంటే, ఈ క్షణం నుంచి మానేయండి. సముద్రం పక్క బోర్లలో ఉప్పు ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. గట్టి నీళ్ల సున్నం ఇంజిన్ లోపల పొర కడుతుంది, ఆ పొర దాటి వేడి బయటికి రాదు. ఇప్పుడున్నదంతా వదిలి, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పోసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజిన్ నడిపి, చల్లారనిచ్చి మళ్లీ వదలండి. తేటగా వచ్చేదాకా అలా చేశాక కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి నింపండి. కలిపి అమ్మే కూలెంట్ డబ్బా అయితే మళ్లీ నీళ్లు కలపక్కర్లేదు, డబ్బా మీద చదవండి. వదిలిన పాత కూలెంట్ వాకిట్లో పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పశువులు తాగుతాయి, అది విషం.

ఈసారి ఘాట్‌లో ముల్లు కదిలితే ఎర్ర గీత దాకా ఆగవద్దు. మొదట ఏసీ ఆపండి, చిన్న గేరుకు రండి, హీటర్ పూర్తిగా తిప్పండి. ఉక్కగానే ఉంటుంది, కానీ ఇంజిన్ వేడి కొంత లోపలికి వచ్చేస్తుంది. అప్పటికీ దిగకపోతే పక్కకు ఆపండి. ఆవిరి గానీ, బెల్టు తెగిన సూచన గానీ లేకపోతే కాసేపు న్యూట్రల్‌లో ఇంజిన్ నడవనివ్వండి, ఫ్యానూ పంపూ పనిచేస్తుంటాయి. ఆవిరి వస్తుంటే వెంటనే ఆపేయండి. ఆపాక గంటసేపైనా మూత ముట్టుకోవద్దు. చల్లటి నీళ్లు ఇంజిన్ మీద గుమ్మరించవద్దు, హెడ్డు పగిలేది ఎక్కువగా అప్పుడే.

పొద్దుటి స్టార్టింగ్ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ నీరసంగా తిరుగుతోందా, హుషారుగా తిరిగీ అందుకోవడం లేదా? రెండింటి దారులు వేరు. నీరసంగా తిరిగితే కరెంటు వైపు వెళ్లండి. మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. స్టార్టర్ తిరిగేటప్పుడు పది వోల్టుల కంటే బాగా కిందికి పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైంది. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా నీరసమే అంటే, ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ తీగ చూడండి. ఉప్పుగాలికి దాని కొస తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, గీకి, బిగిస్తే సగం బండ్లు బాగుపడతాయి. టెర్మినళ్ల మీది తెల్ల బూజుకు వేడి నీళ్లలో వంట సోడా చాలు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

హుషారుగా తిరిగీ అందుకోకపోతే డీజిల్ వైపు చూడాలి. ఒక రాత్రి బండిని ముక్కు పల్లానికి ఉండేలా ఆపి చూడండి. ఆ పొద్దున టక్కున స్టార్టయితే, మిగతా రోజుల్లో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందని అర్థం. ఎక్కడో గాలి పీలుస్తోంది. ఫిల్టర్ సీలు, దాని దగ్గరి రబ్బరు పైపులు, క్లిప్పులు చూడండి. ఫిల్టర్ అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటుంది, గాజు సీసా పెట్టి కొంచెం వదిలితే నీళ్లు అడుగున వేరుగా కనిపిస్తాయి. వానాకాలంలో ఈ పని తరచుగా చేయండి. ఫిల్టర్ మార్చాక కొత్తదానిలో క్యాన్ నుంచి డీజిల్ పోసి నింపవద్దు, అది వడపోత దాటిన వైపుకు చేరితే దుమ్ము నేరుగా పంపులోకి వెళ్తుంది. డీజిల్ లాగే చిన్న చేతిపంపు నొక్కి, గట్టిపడేదాకా నింపుకోండి.

ఇక్కడ ఆగి ఒకటి చూడండి. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల నెత్తిన కరెంటు వైర్ల కనెక్టర్లు ఉన్నాయా? నాలుగు పైపులూ ఒకే లావుపాటి ఇనుప గొట్టం నుంచి బయలుదేరుతున్నాయా? అయితే మీది కామన్ రైల్ ఇంజిన్. మీ సంవత్సరంలో అమ్ముడైన బొలెరోల్లో పాత రకం పంపువీ, ఈ కొత్త రకానివీ రెండూ ఉన్నాయి కాబట్టి చూసే నిర్ధారించుకోవాలి. ట్రాక్టర్‌కు గాలి పట్టినప్పుడు మీ నాన్నగారు ఇంజెక్టర్ పైపు నట్టు ఒక చుట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టించి, గాలి బుసబుసా పోయాక బిగించి ఉంటారు. చక్కటి విద్య, అక్కడికి సరైనదే. కామన్ రైల్‌కు ఆ పని ఎప్పుడూ, ఎంత తొందరలో ఉన్నా, చేయకూడదు. ఆ గొట్టంలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, మీ టైరులో గాలికి నాలుగు వందల రెట్లు. వెంట్రుకంత సందులోంచి వచ్చే డీజిల్ ధార చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండకపోవచ్చు. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోతుంది. కారుతోందేమోనని ఆ పైపుల మీద చెయ్యి వేసి తడమడం కూడా ప్రమాదమే. ఎప్పుడైనా అలా తగిలితే చుక్కే కదా అని ఇంట్లో ఉండవద్దు, పెద్దాసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని ఆ మాటే చెప్పండి. ఈ ఒక్క విషయంలో నాన్నగారి మాట వినవద్దని ఆయనకే చదివి వినిపించండి. చేతిపంపుతో గాలి పోకపోతే మెకానిక్‌ను పిలవాలి, అంతే.

స్టీరింగ్ వణుకు చిన్న పనే కావచ్చు. మొదట టైర్ల వయసు చూడండి. పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. పైన గాట్లు (ట్రెడ్) ఉన్నంత మాత్రాన టైరు బాగున్నట్టు కాదు. పక్కగోడ మీద పగుళ్లు, ఎక్కడైనా ఉబ్బు ఉంటే మార్చాలి. టైర్లు బాగుంటే బ్యాలెన్సింగ్ చేయించండి, ఎక్కువసార్లు అక్కడితో పోతుంది. పోకపోతే ముందు చక్రాన్ని స్టాండు మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగో బాల్ జాయింటో. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే కదులుతోందంటే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. ఒకరు ఊపుతుంటే ఇంకొకరు ఏ జాయింటు దగ్గర కదలిక వస్తోందో వేలు పెట్టి చూడాలి. కనిపెట్టడం మీ పని. మార్చి అలైన్‌మెంట్ చేయడం గ్యారేజీ పని.

గ్రీజు మాత్రం పూర్తిగా మీ ఇంటి పనే. ట్రాక్టర్ ఉన్న ఇంట్లో గ్రీజు గన్ను ఉండే ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే కడ్డీ) క్రాస్ జాయింట్లకు గ్రీజు ఎక్కించే నిపుల్స్ ఉంటే, గుడ్డతో తుడిచి, పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చేదాకా కొట్టండి. తుడవకుండా కొడితే నిపుల్ మీద ఇసుకే లోపలికి వెళ్తుంది. గేరు వేసి కదిలించేటప్పుడు టక్కుమనే చప్పుడు ఉంటే క్రాస్ అరిగింది. వెనక కమాను కట్టల యూ బోల్టులు, బుష్‌లు కూడా అప్పుడే చూడండి, ఏ పట్టీ అయినా విరిగి ఉండొచ్చు.

ఇంజిన్ ఆయిల్ మార్చడం మీకు కష్టం కాదు, దాని గురించి ఎక్కువ చెప్పను. గోరువెచ్చగా ఉన్నప్పుడు వదలండి, డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వేయండి, కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ పూసి చేత్తోనే బిగించండి, గ్రేడు మాన్యువల్లో ఉన్నదే పోయండి. అందరూ మరిచిపోయేవి గేర్ బాక్సు ఆయిల్, వెనక ఇరుసు హౌసింగ్‌లో ఉండే క్రౌన్ గేర్ల ఆయిల్. లక్షా ఎనభై వేలలో ఎన్నిసార్లు మార్చారో నాన్నగారిని అడగండి. వాటిని మార్చేటప్పుడు ముందు నింపే బోల్టు వదులవుతుందో లేదో చూసి, ఆ తర్వాతే కింది బోల్టు విప్పండి. కింద ఖాళీ చేశాక పైది రాకపోతే, బండి ఉన్నచోటే ఉండిపోతుంది.

బ్రేకుల్లో మీరు చేయాల్సింది చూడటమే. ముందు ప్యాడ్ల మందం మూడు మిల్లీమీటర్లకు వస్తే మార్పించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్పించండి. ఘాట్ దిగేటప్పుడు తేమ ఉన్న ఆయిల్ మరిగితే పెడల్ నేలకు పోతుంది. వెనక డ్రమ్ము తీసినప్పుడు ఆ ధూళిని నోటితో ఊదవద్దు, గాలి కొట్టవద్దు, తడిగుడ్డతో తుడవాలి. పైపులు విప్పే పని, సిలిండర్ పని, గాలి తీసే పని ఇప్పట్లో మీరు పెట్టుకోవద్దు. రెండు మూడుసార్లు తెలిసినవాళ్ల పక్కన కూర్చుని చూశాక ఆలోచించండి. ఎయిర్‌బ్యాగులు లేని పాత బండిలో నిండా జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నారు, బ్రేకు ఒక్కటే మీ చేతిలో ఉన్న రక్షణ.

తుప్పు. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గణగణ మోగితే గట్టి ఇనుము, మొద్దుబారిన చప్పుడు వస్తే లోపల తినేసింది. కమాను కట్టలు బిగించే చోట, బాడీ మౌంటు రబ్బర్ల దగ్గర ఎక్కువసేపు చూడండి. బురద నిలిచేది అక్కడే. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే మంచి ఛాసిస్ పని తెలిసినవాడికి చూపించి, ఆయన మాట విన్నాకే మిగతా ఖర్చు పెట్టండి. పైపై తుప్పు అయితే వైరు బ్రష్‌తో గీకి, రస్ట్ కన్వర్టర్ పూసి, ప్రైమర్, ఆపైన ఛాసిస్ పెయింటు వేయండి. డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోతాయి, పుల్లతో తీయండి. సముద్రం ఒడ్డుకు వెళ్లివచ్చిన ప్రతిసారీ అడుగు మంచినీళ్లతో కడగండి.

కాలిన ఆయిల్ వద్దు. తుప్పును కొన్నాళ్లు ఆపే మాట నిజమే, కానీ అది రబ్బరు బుష్‌లనూ మౌంట్లనూ ఉబ్బించి మెత్తబరుస్తుంది, దుమ్ము పట్టి ముద్ద కడుతుంది, వానకు కారి పొలంలోకి పోతుంది. వాసాలకు చెదలు పట్టకుండా పూయడం, పశువుల పుండ్లకు రాయడం కూడా మానండి. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఉంటాయి. మార్చేటప్పుడు మీరు కూడా చేతి తొడుగులు వేసుకోండి. పాత క్యాన్‌లో పట్టి, శుద్ధి చేసేవాళ్లకు ఇచ్చే గ్యారేజీకి అప్పగించండి.

ఇక ఆర్‌సీ. సొంత బండికి మొదటి ఆర్‌సీ పదిహేనేళ్లు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద వచ్చిన ఆంక్షల గురించి విని కంగారు పడుతుంటారు, అవి ఆ ప్రాంతానివి. మన దగ్గర ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు పునరుద్ధరించుకోవచ్చు. ఫారం 25 మీద, గడువు తీరే ముందు అరవై రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. 2022 ఏప్రిల్‌లో కారుకు ఈ పునరుద్ధరణ ఫీజును 5,000 రూపాయలు చేశారు. ఆలస్యమైతే నెలకు 500 చొప్పున పెరిగేలా పెట్టారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. పొగ సర్టిఫికెట్, బీమా చెల్లుబాటులో ఉండాలి. పాత చలాన్లు ఉంటే ముందే కట్టేయండి.

ఛాసిస్ నంబరును అధికారి బండి మీద చూస్తారు, కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీస్తారు. తుప్పు పట్టి అంకెలు కనబడకపోతే అక్కడే ఆగిపోతుంది. కాబట్టి అడుగుకు పెయింటు వేసే రోజున ముందు ఆ నంబరు ఎక్కడుందో ఆర్‌సీతో సరిచూసుకోండి. దాని మీద వైరు బ్రష్ గట్టిగా రుద్దవద్దు, గ్రైండర్ అసలు పెట్టవద్దు. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పైన టేపు అంటించి, చుట్టూ పెయింటు వేసి, టేపు తీసి, అక్కడ పల్చగా గ్రీజు రాసి ఉంచండి.